నడిమి కొలతల మనిషి

ఏబెల్ ప్రింగ్ దొంగతనం చేసిన మాట నిజమే. కాదన్నవాళ్లెవరూ లేరు, ఏబెల్‌తో సహా. కూల్చేస్తున్న ఒక పాత ఇంట్లోంచి ఇత్తడి కుళాయి విప్పుకుని, కోటు కింద దాచుకుని, వీధి మలుపు తిరిగి తిన్నగా వెళ్లి పోలీసుకి గుద్దుకున్నాడు. అడిగేలోపే కుళాయి తీసి ఆయన చేతిలో పెట్టాడు. అంత చేతగాని దొంగకి శిక్ష ఎంత పడుతుందో లండన్ బెర్మండ్సీ పేటలో చంటిపిల్లలకి కూడా తెలుసు. రెండు నెలలు, మహా అయితే మూడు. పెళ్లాం లాటీ ఒక పూట ఏడ్చింది, ఒక పూట తిట్టింది, పురుడొచ్చే వేళకి ఇంటికి వచ్చేస్తాడులే అని ఆ తర్వాత సర్దుకుంది.

అంతలో జైల్లో అతని కొలతలు తీశారు.

సోమవారం మధ్యాహ్నం లాటీ తన చెల్లెలు విన్నీని వెతుక్కుంటూ కాలేజీకి వచ్చింది. అంతకుముందు ఆ గేటు కూడా చూసి ఎరగదు. జామ్ కార్ఖానా నుంచి అటునుంచటే వచ్చేసినట్టుంది, మోచేతుల దాకా స్ట్రాబెర్రీ మరకలు, పైన ఆరో నెల కడుపు. తలుపు దగ్గరే నిలబడిపోయింది. లోపల విన్నీ లెక్కల యంత్రం పిడి తిప్పుతోంది. పిడి తిరిగినప్పుడల్లా లోపల పళ్లచక్రాలు కటకటమంటున్నాయి.

విన్నీ చేసే పని ఏమిటో చెబితే వాళ్ల వీధిలో ఎవరూ నమ్మరు. జైళ్లలో కొలిచిన మూడువేల మంది ఖైదీల కార్డులు ఆ గదిలో పెట్టెల నిండా ఉన్నాయి. ఎదురుగా బల్ల మీద పెద్ద గళ్లకాగితం. అడ్డంగా పాదం పొడవు, నిలువుగా ఎడమచేతి నడివేలి పొడవు. ఒక్కో కార్డూ తీసి ఆ మనిషి పాదమెంతో, వేలెంతో చూసి, ఆ రెండూ కలిసే గడిలో గీత గీయడం. గీతలన్నీ పడ్డాక చూస్తే అవి కాగితమంతా పరుచుకుని ఉండవు. ఒక మూల నుంచి ఎదుటి మూలకి ఏటవాలుగా, నడుమ దట్టంగా, కొసల్లో పల్చగా, పక్కకి వాలిన గుడ్డులా పోగుపడతాయి. పెద్ద పాదం వాడికి పెద్ద వేలు, చిన్న పాదం వాడికి చిన్న వేలు. అందరికీ కాదు, చాలామందికి. ఎంత చెట్టుకు అంత గాలి అని అందరూ అనేదే. ఎంతకి ఎంత అని అడిగి, దాన్ని ఒక్క అంకెలోకి దించాలన్నది ప్రొఫెసర్ లాథ్‌బరీ గారి పట్టుదల. ఆ అంకె కోసమే విన్నీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పిడి తిప్పుతుంది.

లాటీ చెప్పిన సంగతి ఇది. కొలతల ఆఫీసువాళ్లు ఏబెల్ కార్డుని తమ దగ్గరున్న పాత కార్డులతో సరిచూశారట. మైఖేల్ ట్రెంచ్ అనే ఒక పాత దొంగ కార్డుతో అది అచ్చంగా కలిసిందట. తల పొడవు, తల వెడల్పు, నడివేలు, ముంజేయి, పాదం, అయిదుకి అయిదూ. ఆ ట్రెంచ్ ఇళ్లు పగలగొట్టి మూడుసార్లు జైలుకెళ్లాడు, మూడేళ్ల కిందట విడుదలై ఆచూకీ లేకుండా పోయాడు. పాత కార్డు మీద వేలిముద్రలు ఉన్నాయి గానీ సిరా ఎక్కువై మరకలైపోయాయి. ఫొటో ఉంది గానీ దాన్నిండా గడ్డమే. అయినా ఫరవాలేదు, కొలతలు చాలునంటున్నారు. ఒక్కో కొలత కలవడం పదిహేనుమందిలో ఒకడికి జరుగుతుంది, అయిదు కొలతలూ కలవాలంటే అయిదు పదిహేనులని ఒకదానితో ఒకటి హెచ్చవేసుకోవాలి, ఏడున్నర లక్షల మందిలో ఒక్కడు తేలతాడు, కాబట్టి ఏబెలే ట్రెంచ్. కుళాయి దొంగ ఏబెల్ ప్రింగ్‌కయితే రెండు నెలలు. అదే కుళాయికి మైఖేల్ ట్రెంచ్‌కయితే అయిదేళ్లు, రాళ్లు కొట్టే జైల్లో. శుక్రవారం కోర్టు.

అంతా చెప్పి లాటీ ఆ గళ్లకాగితం వంక చూసింది. "నీ పని ఇదేగా. ఈ కొలతలేగా. ఎక్కడ తప్పిందో చెప్పవే," అంది.

ఎక్కడ తప్పిందో విన్నీకి అప్పటికే తెలిసిపోయింది. గళ్లకాగితం ముందు కూర్చునే ఎవరికైనా తెలుస్తుంది. కానీ ఆ క్షణాన అక్క మొహం చూసి, తప్పు తెలిసినంత మాత్రాన ఏమవుతుందో తెలియక, ముందు కూర్చోమని కుర్చీ లాగింది.

మంగళవారం ఇద్దరూ జైలుకి వెళ్లారు. అప్పటికింకా విచారణ ఖైదీయే కాబట్టి ఇంటివాళ్లని రానిచ్చారు. రెండు ఇనపవలలు, వాటి నడుమ పచార్లు చేసే వార్డరు, అవతల ఏబెల్. అసలే పదిమందిలో నిలబెడితే ఎవరి కళ్లూ ఆగని మనిషి. మరీ పొడుగూ కాదు, పొట్టీ కాదు, లావూ కాదు, సన్నమూ కాదు. ఆ వలల వెనక అసలే కంటికి ఆనలేదు. విన్నీ వాళ్లింట్లోనే మేడమీది గదిలో ఉంటుంది. రెండేళ్లుగా ఆమె చెప్పులు కుట్టిపెట్టేదీ, బొగ్గు బకెట్టు పైకి మోసేదీ ఈ బావే. ఒక్కసారైనా గొంతు పెంచి మాట్లాడినవాడు కాడు.

కొలతలు ఎలా తీశారో అతనే నవ్వుతూ చెప్పాడు. ఎడమ కాలి మేజోడు తీయించి చిన్న స్టూలు ఎక్కించారు. కుడికాలు ఎత్తి, బరువంతా ఎడమ పాదం మీద మోపి, గోడకున్న పిడి పట్టుకుని కొంగలా నిలబడమన్నారు. ఆపైన చెయ్యి బల్ల మీద చాపించి మోచేతి నుంచి వేలికొస దాకా, ఆనక నడివేలు ఒక్కటీ వంచి, చివరికి తల. "నా పెళ్లి కోటుకి కూడా దర్జీ ఇన్ని తియ్యలేదు విన్నీ. ఇనుము చల్లగా ఉంటుందనుకున్నా. ముందు కొలిచినవాళ్ల ఒంటి వేడికి వెచ్చగా ఉంది," అన్నాడు.

లండన్ రాకముందు నువ్వెవరో తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని విన్నీ అడిగింది. అతను తన పుట్టుక నుంచి చెప్పుకొచ్చాడు. పుట్టింది సరుకుల పడవలో, పెరిగింది కాలువల మీద. తండ్రి లాకు దగ్గర మునిగి చచ్చిపోయాడు, పడవ అమ్ముడైపోయింది. కాలువ మీద మనుషుల్ని వాళ్ల పేర్లతో పిలవరు, పడవ పేరుతో పిలుస్తారు. వాళ్ల పడవ పేరు మార్తా. కనక అతను మార్తా కుర్రాడు, తండ్రి మార్తా ముసలాడు. ప్రింగ్ అన్న పేరు కాలువ పొడుగునా ఏ ఒక్కడికీ తెలియదు. పెళ్లి రోజున పాదిరీ గారు అడిగితే గుర్తు తెచ్చుకుని చెప్పాల్సి వచ్చిందట.

వార్డరు అటు తిరిగినప్పుడు ఏబెల్ గొంతు తగ్గించాడు. "ఇక్కడ నన్ను ట్రెంచ్ అంటున్నారు లాటీ. రొట్టెలు పంచేటప్పుడు ఆ పేరే పిలుస్తారు. మొదటిరోజు నేను పలకలేదు. నా రొట్టె వెనక్కి పోయింది."

"మరి తర్వాత?" అంది లాటీ.

"మర్నాడు పలికాను."

అందులో పెద్ద విశేషమేమీ లేనట్టే అన్నాడు. మార్తా అంటే పలికినవాడు ట్రెంచ్ అంటే పలకడా. లాటీ కూడా ఆకలికి ఏం చేస్తాడులే అన్నట్టు తల ఊపింది. విన్నీ మాత్రం తల ఊపలేకపోయింది. వల పట్టుకున్న అతని ఎడమచేతి వంక చూసింది. నడివేలు పదకొండున్నర సెంటీమీటర్లు ఉంటుంది అనుకుంది. అనుకోగానే సిగ్గుతో చచ్చిపోయింది. ఆ సిగ్గు వెనకాలే ఇంకో మాట పాములా తలెత్తింది. నిజంగానే ట్రెంచ్ అయితేనో? మూడేళ్ల కిందట ట్రెంచ్ మాయమయ్యాడు. మూడేళ్ల కిందటే ఏబెల్ బెర్మండ్సీలో తేలాడు. దారిపొడుగునా అక్క చెయ్యి పట్టుకుని నడుస్తూనే ఆ మాటని అణుచుకుంటూ వచ్చింది, అది అణగలేదు.

బుధవారం ప్రొఫెసర్ లాథ్‌బరీ గారికి చెప్పింది. మా అక్క మొగుడండీ అని కూడా అంది. ఆయన ఆ మాట విన్నాడో లేదో. కొలతల ఆఫీసు చేసిన హెచ్చవేత సంగతి వినగానే మాత్రం కుర్చీలోంచి లేచాడు.

"హెచ్చవేశారా? అయిదూనా?" అన్నాడు. ఆనందంతో గదిలో ఒక చుట్టు తిరిగాడు. "మిస్ స్టాకెట్, పాదం, ముంజేయి, వేలు, ఇవి ముగ్గురు సాక్షులు కారు. ఒకే సాక్షి గొంతు మార్చి మూడుసార్లు చెప్పిన మాట. దాన్ని పట్టుకుని వీళ్లు ముగ్గురు వచ్చి చెప్పారంటున్నారు."

పట్నంలో ఇంకెవరూ అంత చక్కగా చెప్పలేరు. విన్నీకి కళ్లనీళ్లు తిరిగాయి. ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ కూర్చుని లెక్క కట్టారు. ఆయన చెబుతుంటే ఆమె పిడి తిప్పింది. కొలతల ఆఫీసు నుంచి ప్రొఫెసర్ గారు తెప్పించిన అంకెలు చూస్తే, ఏబెల్ కొలతలన్నీ నడిమి కొలతలే. గీతలు ఎక్కడ దట్టంగా ఉన్నాయో సరిగ్గా అక్కడే ఉన్నాడు. అలాంటివాడికి జోడీలు కోకొల్లలు. నడిమి పాదం వాడికి నడిమి చేయి, నడిమి వేలు రాకపోతేనే ఆశ్చర్యం. కొలిచిన వార్డరు చేతిలో వచ్చే తేడాలు కూడా కలుపుకుంటే ఏడున్నర లక్షలు కాస్తా కరిగి కరిగి రెండువేలకి దిగింది. రెండువేలలో ఒకడు. లండన్ మగవాళ్లలో లెక్కేస్తే ఆ కార్డుకి సరిపోయేవాళ్లు తక్కువలో తక్కువ ఆరువందలమంది.

ప్రొఫెసర్ గారు కోర్టుకి తనే వస్తానన్నాడు. మంచివాడు. ఒక్కటే చిక్కు ఉందన్నాడు. ఈ పట్టీ మొత్తం ఖైదీలది. జైలు బయటివాళ్ల పాదాలూ ముంజేతులూ తన దగ్గర లేవు, మర్యాదస్తులు బూటు విప్పనివ్వరు. బయటివాళ్లవి ఓ నలభై యాభై కొలతలు దొరికితే, ఈ నడిమి కొలతలు దొంగలవి కావు, కష్టం చేసుకునే మనుషులందరివీ అని చెప్పొచ్చు. నలభైమంది ఏమిటి, మా వీధిలో వందమంది వస్తారు అంది విన్నీ. ఆయన కొలత సామాను గుడ్డలో చుట్టి ఇచ్చాడు. జారుడు చట్రం ఉన్న ఇనుప బద్దలు, తల కొలిచే పట్టుకారు.

గురువారం సాయంత్రం లాటీ వంటింట్లో పొయ్యి మీద పెద్ద గిన్నెడు టీ మరిగింది. తోళ్ల కార్ఖానా వాళ్లు, రేవు కూలీలు, పక్కింటి బండివాడు, అందరూ వచ్చారు. ఏబెల్ అంటే అందరికీ ఇష్టమే. బండిచక్రం ఊడితే చేయి వేసినవాడని ఒకడు, తాగినా ఇంటికి తిన్నగా పోయేవాడని ఒకడు, ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. స్టూలు నడుమకి లాగి, గుడ్డ విప్పి, విన్నీ ఇనుప బద్ద తీసింది.

దగ్గరగా నిలబడ్డవాళ్లు వెనక్కి జరిగారు.

ఆ ఇనుము ఏమిటో అక్కడ కొందరికి తెలుసు. తెలియనివాళ్లకి తెలిసినవాళ్ల మొహాలు చూస్తే తెలిసింది. విన్నీ బతిమాలింది. పేర్లు రాయనంది, కొలతలు తప్ప ఇంకేమీ రాయనంది. తోళ్ల కార్ఖానా నాట్ బౌడిచ్ తాగుతున్న టీ కప్పు మెల్లగా బల్ల మీద పెట్టాడు. విన్నీని చిన్నప్పుడు భుజాల మీద తిప్పిన మనిషి.

"అమ్మాయ్, తప్పుగా అనుకోకు. ఇవాళ నా కాలు నువ్వు కొలుస్తావు. రేపెవడో గోడ దూకుతాడు. ఆ కాలు నాదేనంటారు," అన్నాడు.

ఏబెల్‌కి జరిగింది సరిగ్గా అదే. ఒక్కొక్కడే టోపీ తీసుకున్నాడు. దేవుడి మీద ఒట్టేసి ఏబెల్ మంచివాడని కోర్టులో చెబుతామన్నారు, కాలు మాత్రం అడగొద్దన్నారు. చివరికి మిగిలింది ముసలి శామ్ హిచెన్స్ ఒక్కడే. నాకేం భయమే, నన్ను కొలుచుకో తల్లీ అంటూ ధైర్యంగా స్టూలెక్కి కూర్చున్నాడు. రేవులో గొలుసు తెగిపడి అతని ఎడమకాలు మోకాలి కింద పోయి పదేళ్లయింది. కర్రకాలు ముందుకి చాపి కొలవమన్నాడు. లాటీకి నవ్వొచ్చింది. గోడకి ఆనుకుని, పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఏడుపులోకి ఎప్పుడు తిరిగిందో ఎవరికీ తెలియలేదు. విన్నీ ఇనుముని మళ్లీ గుడ్డలో చుట్టేసింది.

శుక్రవారం కోర్టులో కుళాయి సంగతి చిటికెలో తేలిపోయింది. మిగతా పొద్దంతా అతనెవరన్న దాని మీదే. కొలతల ఆఫీసు మనిషి ఏడున్నర లక్షలు చెప్పాడు. జూరీలో కూర్చున్న కొట్లవాళ్లు ఆ అంకె విని నోళ్లు తెరిచారు. బీదలకి సాయం చేసే చర్చి మిషన్‌వాళ్లు కుదిర్చిన ప్లీడరు ఓగిల్వీ అటుతర్వాత ప్రొఫెసర్ గారిని నిలబెట్టాడు. ఆయన నిదానంగా, జూరీలో మందమతికి కూడా అర్థమయ్యేలా చెప్పాడు. ఒకే సాక్షి మూడుసార్లు చెప్పిన మాట అన్నప్పుడు జడ్జి కలం ఎత్తి చూశాడు. ఆరువందలమంది అన్నప్పుడు జూరీ పెద్ద పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు. లాటీ విన్నీ మోకాలు గట్టిగా పట్టుకుంది. ఆ కాసేపూ విన్నీ నిజంగా ఆశపడింది.

సర్కారు ప్లీడరు లేచాడు. గొంతులో వెటకారం లేదు, ఎంతో మర్యాద. తమరు చేసిన ఆ పట్టీలో ఉన్నదెవరని అడిగాడు. జైళ్లలో కొలిచినవాళ్లని ప్రొఫెసర్ గారు చెప్పాడు. అందరూ శిక్షపడినవాళ్లేనా అంటే అందరూనన్నాడు. మూడువేలమంది దొంగలలో ఈ ముద్దాయి ఎక్కడుంటాడన్నాడు ప్లీడరు.

అబద్ధం ఆడటం చేతకాని మనిషి. "దాదాపు సరిగ్గా నడుమ ఉంటాడు," అన్నాడు ప్రొఫెసర్ గారు.

జూరీ పన్నెండుమందీ బోనులోకి తలలు తిప్పారు. కొత్తగా చూస్తున్నట్టు చూశారు. ప్రొఫెసర్ గారు తడబడి, ఈ నడుమ దొంగల నడుమ కాదు, కష్టజీవులందరి నడుమా ఇదేననబోయాడు. అయితే కష్టజీవుల్ని కొలిచారా అన్నాడు ప్లీడరు. కొలవనివ్వలేదన్నాడు ఈయన. ఎందుకని? ఈయన గ్యాలరీలో విన్నీ కోసం వెతికాడు. విన్నీ తల వంచుకుంది. జైలుకొచ్చిన ప్రతివాడూ ముందు ఏదో ఒక వీధిలోవాడే కదా, ఆ వీధులు కొలవకుండా జైళ్లొకటే కొలిస్తే నడుమ ఎవడు తేలతాడని అరవాలనిపించింది. గ్యాలరీలో కూర్చున్న ఆడదాని అరుపు ఎవడికి కావాలి?

చివరగా జైలు వార్డరుని పిలిచారు. అతను రొట్టెల సంగతి చెప్పాడు. పగబట్టేమీ చెప్పలేదు, అడిగారు కనక చెప్పాడు. ట్రెంచ్ అని పిలిస్తే ముద్దాయి ముందుకొచ్చి రొట్టె తీసుకుంటాడన్నాడు. ఓగిల్వీ లేచి, ఆకలేస్తే నేనైనా పలుకుతానన్నాడు గానీ అప్పటికే జూరీ పెద్ద జేబుగడియారం చూసుకుంటున్నాడు.

జడ్జి జూరీకి చెప్పిన మాటలు విన్నీ బతికున్నంతకాలం మరిచిపోదు. "ఈ కొలతలవాళ్లు ఆరువందలమంది ఉండొచ్చునని పండితులు చెప్పారు. నేను ఒప్పుకుంటాను. ఆ ఆరువందలమందిలో ట్రెంచ్ అని పిలిస్తే పలికినవాడు ఒక్కడే."

జూరీ లోపలికి కూడా వెళ్లలేదు. కూర్చున్నచోటే తలలు దగ్గరపెట్టుకుని లేచారు. మైఖేల్ ట్రెంచ్, అయిదేళ్లు అని చదివారు. ఆ పేరు వినబడగానే ఏబెల్ పక్కకి తిరిగి చూశాడు, శిక్ష పడిన మనిషి అక్కడెక్కడో నిలబడి ఉన్నట్టు. పక్కన ఎవరూ లేరు. వార్డరు అతని భుజం తట్టి మెట్లు దింపాడు.

ఓగిల్వీ బయట వరండాలో వాళ్లని ఆపాడు. పాపం, అతని మొహం కూడా పాలిపోయింది. ఇంకొక దారి ఉందన్నాడు. హోం మంత్రికి అర్జీ పెట్టుకోవచ్చు. కాలువ మీద ఒక్కడు, ఒకే ఒక్కడు దొరికి, ఇతను మా మార్తా కుర్రాడేనని చెబితే చాలు, తక్కిన లెక్కలు ప్రొఫెసర్ గారివి ఎలాగూ ఉన్నాయి. అయితే ఒక్క షరతు. "ఇంటివాళ్లు ఒకే మాట మీద ఉండాలి. మీలో ఎవరూ, ఎక్కడా, పొరపాటున కూడా అతన్ని ట్రెంచ్ అనకూడదు. రొట్టె ముక్క ఎంత పని చేసిందో చూశారుగా," అన్నాడు.

శనివారం పొద్దుటే విన్నీ కాలేజీకి వెళ్లి కొలత సామాను తిరిగిచ్చేసింది. ప్రొఫెసర్ గారు చాలా నొచ్చుకున్నాడు. రాత్రంతా నిద్రపట్టలేదన్నాడు. ఆ వెంటనే, ఇది ఎంతో చక్కని ఉదాహరణ, వ్యాసంలో తప్పకుండా పెట్టాలి, పేర్లు లేకుండా అని కూడా అన్నాడు. మంచిదండీ అంది విన్నీ. ఆయనమీద కోపం తెచ్చుకోవాలని చూసింది గానీ రాలేదు. అంతదాకా వచ్చి సాయం చేసినవాడు ఆయనొక్కడే.

ఆదివారం రీజెంట్ కాలువ వెంట నడిచింది. ప్రతి లాకు దగ్గరా ఆగి, మార్తా అనే పడవ ఎరుగుదురా అని అడిగింది. మార్తాలు నాలుగున్నాయన్నారు. ఏ మార్తా? బొగ్గు మోసేదా, సున్నం మోసేదా? చుక్కాని దగ్గర కూర్చున్న ఒక ముసలమ్మ మాత్రం, మునిగి చచ్చిన మార్తా ముసలాడా, ఎరక్కేం, అతనికో కుర్రాడు ఉండేవాడు అంది. విన్నీ ప్రాణం లేచొచ్చింది. కుర్రాడు ఎలా ఉండేవాడని అడిగింది. ముసలమ్మ పొగాకు నమిలి ఉమ్మింది. "ఎలా ఉంటాడే, అందరిలాగే ఉండేవాడు. వచ్చేవారం పైనుంచి తిరిగొస్తాం, అప్పుడు చూపిస్తే చెబుతా," అంది. అదైనా చాలనుకుంది విన్నీ. ఇంటికొచ్చి అక్కకి చెప్పింది. లాటీ ఆ రాత్రి వారంరోజుల తర్వాత కాస్త తిండి తిన్నది.

సోమవారం మధ్యాహ్నం ఓగిల్వీ కబురు పంపాడు. మర్నాడు తెల్లారి ఖైదీల్ని పోర్ట్‌లాండ్ రాళ్ల జైలుకి తరలిస్తున్నారు. అక్కడికి వెళ్లాక తొమ్మిది నెలల దాకా ఎవర్నీ చూడనివ్వరు. ఇవాళ ఒక్కసారి, దగ్గరి బంధువులు వచ్చి చూసిపోవచ్చు. అక్కాచెల్లెళ్లిద్దరూ ఉన్నపళంగా బయలుదేరారు. పరుగులాంటి నడకతో వెళ్లేసరికి జైలు గేటు దగ్గర మనుషులు బారులు తీరి ఉన్నారు. చాలాసేపటికి గుమాస్తా కిటికీ దగ్గరకి చేరారు.

ఏబెల్ ప్రింగ్‌ని చూడాలంది లాటీ. ముసలి గుమాస్తా పేర్ల మీద వేలు నడిపి చూశాడు. ప్రింగ్ అనేవాడు లేడన్నాడు. ఉన్నాడు, శుక్రవారం శిక్షపడింది, నేను పెళ్లాన్ని అంది. మళ్లీ చూశాడు. కళ్లజోడు తీసి ఇద్దరి వంకా చూశాడు. శుక్రవారం పడింది మైఖేల్ ట్రెంచ్‌కమ్మా అన్నాడు. ట్రెంచ్ పెళ్లాం సాల్ఫర్డ్ ఊళ్లో ఉన్నట్టు ఇక్కడుంది, బ్రిజెట్ అని. నువ్వు బ్రిజెట్‌వి కావుగా? ఇంకొక చెల్లెలు ఉన్నట్టు కూడా ఉంది. ఆ ఇద్దరిలో ఎవరైనా అయితేనే లోపలికి. ఆ మాట చెప్పి, వెనకున్నవాళ్లు తోస్తున్నా తొందరపెట్టకుండా ఊరుకున్నాడు. చెడ్డవాడు కాదు. ఆ తలుపుకి తాళంచెవి ఏమిటో చెప్పాడు, అంతే.

విన్నీ అక్కని రెక్కపట్టుకుని గోడవారకి లాగింది. ప్లీడరు చెప్పింది గుర్తుచేసింది. ఇక్కడ అన్న మాట ఇక్కడ రాసుకుంటారు, రాసింది వెళ్లి అతని కాగితాల్లో చేరుతుంది, సొంత పెళ్లామే ట్రెంచ్ అందంటే ఇక అర్జీ ఎందుకు, ఆ ముసలమ్మ ఎందుకు అంది. ఒక్కవారం ఓపిక పట్టమంది. ఏడుస్తూ చెప్పింది.

లాటీ ఏడవలేదు. "ఆ ముసలిదాన్ని జైల్లోకి ఎలా రానిస్తారే? అది ప్రింగ్‌ని చూస్తానంటుంది. ప్రింగ్ లేడంటాడు వీడు," అంది.

మూడువేల కార్డుల లెక్క చేసిన విన్నీ ఆ చిన్న సంగతి ఆలోచించలేదు.

"నన్నొకటి అడగనీ. అబద్ధం చెప్పకు," అంది లాటీ. "ఆయన ట్రెంచ్ కాడని నీకు రూఢిగా తెలుసా?"

అబద్ధం చెప్పి ఉండాల్సింది. అక్క కోసమైనా చెప్పి ఉండాల్సింది. "కాకపోవచ్చునని తెలుసు," అంది విన్నీ. "అంతకు మించి లెక్క చెప్పదక్కా."

లాటీ తల ఊపింది. కోపం కూడా రాలేదు ఆమెకి. "మీకు ఆయన ఆరువందలమందిలో ఒకడు. వాళ్లకి మూడువేలమందిలో ఒకడు. నాకు ఒక్కడే. ఏ పేరు చెబితే కనబడతాడో ఆ పేరే నాకు మొగుడి పేరు," అంది. పొట్ట మీద చెయ్యి వేసుకుని మళ్లీ కిటికీ దగ్గరకి నడిచింది.

"నేను ట్రెంచ్ చెల్లెల్ని," అంది గుమాస్తాతో.

అతను ఒక్క క్షణం ఆమె కడుపు వంక, ఆమె మొహం వంక చూశాడు. రాసుకున్నాడు. ఈమె ట్రెంచ్ చెల్లెలేనని తెలిసినవాళ్లు ఒకరు పూచీ పడాలి, అది రూలు అన్నాడు. వెనక నిలబడ్డ విన్నీని చూశాడు.

"అమ్మా, ఈమె మీకు తెలుసా? ట్రెంచ్ చెల్లెలేనా?"

విన్నీ అక్క వంక చూసింది. లాటీ ఇటు తిరగలేదు. లోపలి తలుపు వైపే చూస్తోంది.

"తెలుసు," అంది విన్నీ. "ట్రెంచ్ చెల్లెలే."

గుమాస్తా కలం అందించాడు. విన్నీ సంతకం పెట్టింది.